దీనబంధు ఆండ్రూస్: కూలీల కష్టానికి లెక్క చెప్పిన అధ్యాపకుడు



1982లో వచ్చిన గాంధీ సినిమా మనలో చాలామంది చూసే ఉంటారు. దక్షిణాఫ్రికా వీధిలో గాంధీగారి పక్కన నడిచే ఒక తెల్లదొర పాద్రీ అందులో కనిపిస్తారు. ఆయనే చార్లెస్ ఫ్రియర్ ఆండ్రూస్. సినిమాలో ఆయన గాంధీగారి స్నేహితుడు మాత్రమే. రవీంద్రనాథ టాగూరు జీవిత చరిత్ర చదివినవారికి ఆయన శాంతినికేతన్ అధ్యాపకుడిగా కూడా తెలుసు. కూలిపని కోసం సముద్రాలు దాటిన భారతీయుల గురించి ఆయన ఊరూరా తిరిగి చేసిన విచారణ మాత్రం మన ప్రాంతంలో అంతగా ప్రచారంలోకి రాలేదు. ఆ కూలీలలో మన తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. అందుకే ఈ వ్యాసంలో ఆయన చేసిన ఆ పనిని గురించే ఎక్కువగా చెబుతాను.

బాల్యం, విద్య

ఆండ్రూస్ 1871 ఫిబ్రవరి 12న ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణంలో జన్మించారు. తండ్రి క్రైస్తవ మత బోధకులు. తరువాత ఆ కుటుంబం బర్మింగ్‌హామ్‌లో స్థిరపడింది. ఇంటి సొమ్ము చూసుకుంటున్న ఒక నమ్మకస్తుడైన మిత్రుడు దానినంతా పోగొట్టడంతో ఆ పెద్ద సంసారం ఒక్కసారిగా ఇబ్బందుల్లో పడింది. ఆ మిత్రుడి మీద తండ్రి కోర్టుకెక్కలేదు. పైగా ఆ రోజు ఇంటి ప్రార్థనలో అతని మేలు కోరి ప్రార్థించారట. చిన్నవాడైన ఆండ్రూస్ మనసులో ఈ సంఘటన జీవితాంతం నిలిచిపోయింది.

ఆ తరువాత చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే సాగింది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని పెంబ్రోక్ కళాశాలలో ప్రాచీన భాషలలోను, మత శాస్త్రంలోను ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడ బర్నీ బహుమతి పొందిన ఆయన వ్యాసం 1896లో పుస్తకంగా వచ్చింది. పెట్టుబడికి, శ్రమకు మధ్య ఉన్న సంఘర్షణను క్రైస్తవ ధర్మం ఎలా చూడాలన్నది ఆ వ్యాస విషయం. అంటే పాతికేళ్ల వయసులోనే ఆయన దృష్టి కార్మిక సమస్య మీద పడింది. పుస్తకం రాసి ఊరుకోక, దక్షిణ లండన్‌లోని కూలి జనం నివసించే పేటలో కళాశాల నడిపే సేవా కేంద్రం బాధ్యత తీసుకుని, అక్కడే కాపురముండి పనిచేశారు. ఆరోగ్యం దెబ్బతినడంతో మళ్లీ కేంబ్రిడ్జికి వచ్చి అధ్యాపక వృత్తిలో చేరారు.

ఢిల్లీలో పదేళ్లు

1904 మార్చిలో ఆయన ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో అధ్యాపకుడిగా చేరారు. ఇండియాలో అడుగుపెట్టిన ఆ రోజును తన రెండవ పుట్టినరోజుగా జీవితాంతం భావించుకున్నారు. రెండేళ్లకు కళాశాల ప్రిన్సిపాల్ పదవి ఖాళీ అయింది. ఆ రోజుల్లో అటువంటి పదవి ఇంగ్లీషువారికే దక్కేది. పెద్దలు ఆండ్రూస్ వైపు మొగ్గు చూపారు. ఆయన ఒప్పుకోలేదు. తనకన్నా ఎన్నో ఏళ్ల ముందునుంచి అక్కడ పాఠాలు చెబుతున్న సుశీల్ కుమార్ రుద్రా ఉండగా, ఆ కుర్చీలో తాను కూర్చోవడం అన్యాయమని పట్టుబట్టారు. 1906లో రుద్రా ఆ కళాశాలకు మొదటి భారతీయ ప్రిన్సిపాల్ అయ్యారు. సీనియారిటీ కోసం, ప్రమోషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన మనవంటి ఉద్యోగులకు ఈ త్యాగం విలువ వేరే చెప్పనవసరం లేదు.

1912లో లండన్‌లో టాగూరుతో పరిచయమైంది. గోపాలకృష్ణ గోఖలేతో అప్పటికే స్నేహం ఉంది. ఆ స్నేహమే ఆయనను దక్షిణాఫ్రికాకు తీసుకువెళ్లింది.

నేటాల్‌లో మూడు పౌన్ల పన్ను

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. బ్రిటిష్ సామ్రాజ్యంలో 1833 చట్టంతో బానిసత్వం రద్దయింది. చెరకు తోటల యజమానులకు కూలీలు కరువయ్యారు. అప్పుడు ఇండియా నుంచి ఐదేళ్ల ఒప్పందం మీద కూలీలను ఓడలెక్కించే పద్ధతి మొదలైంది. మారిషస్, బ్రిటిష్ గయానా, ట్రినిడాడ్, నేటాల్, ఫిజీ దేశాలకు ఇలా వెళ్లినవారు పది లక్షలకు పైనే. అగ్రిమెంట్ అనే ఇంగ్లీషు మాట నోరు తిరగక కూలీలు గిర్మిట్ అన్నారు. అలా వెళ్లినవారికి గిర్మిటియాలు అనే పేరు వచ్చింది.

నేటాల్‌కు మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయలుదేరి, 1860 నవంబరు 16న దర్బన్ చేరింది. 1911లో ఆ దేశానికి కూలీలను పంపడం ఆపేవరకు సుమారు 1,52,000 మంది వెళ్లారు. వారిలో మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. తమిళులతోపాటు విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల తెలుగువారు అందులో ఎందరో ఉన్నారు. దక్షిణాఫ్రికా తెలుగువారు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ వారి సంతతి స్థాపించినదే.

ఐదేళ్ల గడువు తీరి అక్కడే ఉండదలచిన కూలీ ఏటా మూడు పౌన్ల పన్ను కట్టాలని 1895లో నేటాల్ ప్రభుత్వం చట్టం చేసింది. అప్పటి మారకం ప్రకారం మూడు పౌన్లు అంటే 45 రూపాయలు. ఒప్పందంలో చేరిన మొదటి సంవత్సరం కూలీకి ఇచ్చే జీతం నెలకు పది షిల్లింగులు, అంటే ఏడున్నర రూపాయలు. ఆరు నెలల జీతం పన్నుకే పోతుందన్న మాట. పదహారేళ్లు దాటిన కొడుకుకు, పదమూడేళ్లు దాటిన కూతురికి కూడా విడివిడిగా ఇదే పన్ను. కట్టలేనివాడు తిరిగి ఒప్పందంలో చేరాలి, లేదా ఓడ ఎక్కి వెళ్లిపోవాలి. చట్టం ఉద్దేశమే అది.

దీనిమీద 1913లో గాంధీగారి నాయకత్వాన గనుల కూలీలు, తోట కూలీలు సమ్మె కట్టారు. ఇండియాలో గోఖలే విరాళాలు సేకరించారు. ఆండ్రూస్ తాను దాచుకున్న సొమ్మంతా ఆ నిధికి ఇచ్చేశారు. గోఖలే కోరిక మీద, తన మిత్రుడు విలియం పియర్సన్‌తో కలిసి 1914 జనవరి మొదట్లో దర్బన్ చేరారు. ఓడ దిగి గాంధీగారిని చూసిన వెంటనే వంగి పాదాలకు నమస్కరించారు. ఒక తెల్లవాడు నల్లవాడి కాళ్లు ముట్టుకోవడం అక్కడి తెల్లవారికి పెద్ద అవమానంగా తోచింది. ఆయనది ఒక్కటే పట్టు: అటు జనరల్ స్మట్స్‌తో, ఇటు గాంధీగారితో మాట్లాడి రాజీ కుదర్చాలి. ఆ రోజుల్లోనే ఇంగ్లండులో తల్లి మరణించినట్లు వార్త వచ్చింది. పని పూర్తయ్యేవరకు ఆయన కదలలేదు. ఆ ఏడాది జులైలో వచ్చిన చట్టంతో మూడు పౌన్ల పన్ను రద్దయింది.

ఫిజీ విచారణ

తిరిగి వచ్చాక ఢిల్లీ కళాశాల వదిలి, శాంతినికేతన్‌లో చేరారు. 1915లో కలరా సోకి ప్రాణం మీదికి వచ్చింది. కోలుకుంటున్న రోజుల్లో ఒప్పంద కూలీల కాగితాలు చదువుతూ, అన్నిటికన్నా ఫిజీ పరిస్థితి ఘోరంగా ఉన్నదని గ్రహించారు. పియర్సన్‌తో కలిసి ఆ ఏడాది చివర ఫిజీ వెళ్లి, కొన్ని వారాలపాటు తోట తోటకూ తిరిగారు. ప్రభుత్వం పంపిన కమిటీ కాదు. ఎవరి జీతమూ తీసుకోలేదు.

అంతకు ముందు 1913లో భారత ప్రభుత్వం మెక్‌నీల్, చిమ్మన్‌లాల్ అనే ఇద్దరు అధికారులను ఇదే పని మీద పంపింది. వారి నివేదికలో అంకెలు చాలా ఉన్నాయి. అయినా మొత్తం మీద ఈ పద్ధతివల్ల నష్టం కన్నా లాభమే ఎక్కువని వారు తేల్చారు. ఆండ్రూస్, పియర్సన్‌లు కూడా ప్రభుత్వ రికార్డుల్లోని అంకెలను వాడుకున్నారు. కాని వాటిని పక్కపక్కన పెట్టి చూశారు. కూలీలు బయలుదేరిన మద్రాసు, సంయుక్త రాష్ట్రాలలో ఏడాదికి పది లక్షల మందిలో ఆత్మహత్య చేసుకునేవారు యాభై అటూ ఇటూ ఉండగా, ఫిజీలోని ఒప్పంద కూలీలలో అదే లెక్క తొమ్మిది వందలకు పైగా ఉన్నది. మనలో స్టేట్‌మెంట్లు తయారుచేసి పై ఆఫీసుకు పంపినవారికి ఈ సంగతి తెలుసు. అంకె సరిగ్గానే ఉంటుంది, టోటలు కూడా సరిపోతుంది. పక్క జిల్లా అంకెతో పోల్చి ఇదేమిటని అడిగేవాడు లేకపోతే ఆ కాగితం ఫైలులోనే ఉండిపోతుంది. ఆండ్రూస్ ఆ ప్రశ్న అడిగారు.

అంకెల వెనుక ఉన్నదేమిటో కూడా కళ్లారా చూసి రాశారు. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు కూలి. రూపాయల్లో చెప్పాలంటే పన్నెండణాలు, తొమ్మిదణాలు. ఊళ్లో పన్నెండణాల కూలి అని చెబితే ఎవరైనా ఆశపడతారు. అక్కడ సరుకుల ధరలు ఎంతెంత ఎక్కువో రిక్రూటింగు ఏజెంటు చెప్పడు. ఇచ్చిన గుత్తపని పూర్తయితేనే ఆ కూలి అని కూడా చెప్పడు. నివాసానికి ఇచ్చేవి కూలీ లైన్లు. పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గదిలో ముగ్గురు మగవారు, లేదా ఒక సంసారం. నూరుగురు మగవారికి నలభైమంది ఆడవారు ఉంటే చాలునని నిబంధన. దానివల్ల కుటుంబ జీవితమే లేకుండా పోయింది.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒప్పంద పత్రం. అది చూడ్డానికి సివిల్ కాంట్రాక్టు. పనికి రాకపోతే మాత్రం క్రిమినల్ నేరం, జరిమానా, జైలు. ఈ శిక్షల మాట కూలీ వేలిముద్ర వేసిన ఆ పత్రంలో ఎక్కడా లేదని ఆండ్రూస్ ఎత్తి చూపారు. సంతకం చేసినవాడికి తెలియని షరతు మీద వాడిని జైలుకు పంపడం ఏ న్యాయం? నివేదిక మొత్తానికి ఇది ఆయువుపట్టు.

మద్రాసు నుంచి ఫిజీకి ఓడలు 1903లో మొదలయ్యాయి. ఫిజీ చేరిన 60 వేలకు పైగా కూలీలలో సుమారు నాలుగో వంతు దక్షిణాదివారు. వారిలో కృష్ణా, గోదావరి, విశాఖపట్నం జిల్లాలవారు ఉన్నారు. ఉత్తరాది కూలీల హిందుస్తానీ మాటలు కూడా అర్థంకాక వారు మరింత ఒంటరివారయ్యారు.

ఉత్తర్వు వచ్చిన తరువాత

1916 ఫిబ్రవరిలో నివేదిక వెలువడింది. మార్చిలో ఇంపీరియల్ శాసన మండలిలో మదనమోహన మాలవీయ తీర్మానం పెట్టగా, ఒప్పంద కూలీ పద్ధతిని రద్దు చేస్తామని వైస్రాయి హార్డింజ్ ప్రకటించారు. దేశమంతా సంతోషించింది. అయితే వేరే ఏర్పాటు జరిగేవరకు అన్న ఒక చిన్న మెలిక అందులో ఉన్నది. దాని అర్థం మరో ఐదేళ్లపాటు కూలీలను పంపుతూనే ఉండటమని ఆండ్రూస్ తెలుసుకున్నారు. మళ్లీ ఆందోళన మొదలుపెట్టారు. 1917 మొదట్లో గాంధీగారు ఊరూరా సభలు జరిపి గడువు విధించారు. మహిళల ప్రతినిధి వర్గం కొత్త వైస్రాయిని కలిసింది. చివరకు ఆ ఏడాది మార్చిలో యుద్ధకాలపు చట్టం కింద కూలీల ఎగుమతి ఆగిపోయింది.

జి.ఓ. రావడం వేరు, అది అమలు కావడం వేరని మనకు తెలియనిది కాదు. కొత్తగా పంపడం ఆగినా, అప్పటికే ఫిజీలో ఉన్నవారి ఒప్పందాలు రద్దు కాలేదు. ఆండ్రూస్ 1917లో రెండవసారి ఫిజీ వెళ్లి, చక్కెర కంపెనీ వారితోను, ప్రభుత్వంతోను పోరాడారు. ఆస్ట్రేలియాలో ఉపన్యాసాలిచ్చి అక్కడి మహిళా సంఘాలను కదిలించారు. ఆ సంఘాలు తమ తరఫున ఒక మహిళను ఫిజీ పంపి విచారణ చేయించగా, ఆండ్రూస్ చెప్పినది నిజమేనని తేలింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. ఫిజీలోని మనవారే ఆయనకు దీనబంధు అనే బిరుదు ఇచ్చారని చెబుతారు.

ఆయన రాసినదంతా తరువాతి పండితులు అంగీకరించలేదు. కూలీ లైన్లలోని ఆత్మహత్యలకు స్త్రీల నడవడిని ఎక్కువగా కారణం చూపడం అన్యాయమని, గిర్మిటియాల మనుమడైన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ విమర్శించారు. ఊరికి దూరమైన ఒంటరితనం, మితిమీరిన పని, కొత్త చోట నిలదొక్కుకోలేకపోవడం అసలు కారణాలని ఆయన వాదన. అది నిజమే అనిపిస్తుంది. అయినా ఆ పద్ధతి పోవాలన్న తీర్పులో ఇద్దరికీ భేదం లేదు.

తిరిగి వచ్చినవారి గతి

ఇందులో మనసును కలచివేసే ఘట్టం మరొకటి ఉంది. 1920 తరువాత విదేశాల నుంచి చాలామంది కూలీలు స్వదేశానికి తిరిగి వచ్చారు. చాలామందిని ఊళ్లు చేరనివ్వలేదు. సముద్రం దాటినవాడని, కులం తెలియని భార్యను తెచ్చాడని బంధువులే వెలివేశారు. పిల్లలు పరాయి దేశంలో పుట్టినవారు. తెచ్చుకున్న నాలుగు డబ్బులూ అయిపోయాక, వారు కలకత్తా రేవు దగ్గర మటియాబుర్జ్‌లో గుడిసెల్లో పడి, తిరిగి ఓడ ఎక్కించమని వేడుకున్నారు. ఎవరిని విడిపించడానికి ఏళ్ల తరబడి పాటుపడ్డారో, వారే వెనక్కి పంపమని అడిగితే ఆండ్రూస్ మనసు ఎంత క్షోభించిందో ఊహించుకోవచ్చు. వారి మాట విని, 1921లో ఫిజీ తిరిగి వెళ్లడానికి సహాయం చేశారు. విమర్శలు వచ్చినా లెక్కచేయలేదు. స్వేచ్ఛగా వెళ్లడం వేరు, కట్టుబడి వెళ్లడం వేరని ఆయన అభిప్రాయం. 1922లో వచ్చిన వలస చట్టంతో నైపుణ్యం లేని కూలీలను విదేశాలకు పంపడం ప్రభుత్వ అదుపులోకి వచ్చింది.

అదే 1921 మే నెలలో అస్సాం తేయాకు తోటల కూలీలు కూలి చాలక వేల సంఖ్యలో తోటలు విడిచి ఇళ్లకు బయలుదేరారు. చాంద్‌పూర్ స్టేషన్‌లో రాత్రివేళ గూర్ఖా సిపాయిలు వారిని కొట్టి తరిమారు. దానికి తోడు కలరా వచ్చింది. ఆండ్రూస్ అక్కడికి వెళ్లి, రోగుల మధ్య ఉండి సేవ చేశారు, వారిని ఇళ్లకు చేర్చే ఏర్పాట్లకు పాటుపడ్డారు. తరువాత ఆ అనుభవంతో రాసిన చిన్న పుస్తకం మద్రాసులోనే అచ్చయింది.

తూర్పు ఆఫ్రికాలో భారతీయుల హక్కుల కోసం మాట్లాడినందుకు రైలులో తెల్లవారి చేతిలో దెబ్బలు తిన్నారు. 1929లో బ్రిటిష్ గయానా వెళ్లారు. 1936లో మూడవసారి ఫిజీ చూశారు. గాంధీగారితో ఎంత స్నేహమున్నా తనకు తప్పనిపించినది మొహం మీదే చెప్పేవారు. 1918లో యుద్ధానికి సైనికులను చేర్పించడం, 1921లో విదేశీ వస్త్రాలు తగలబెట్టడం తనకు నచ్చలేదని స్పష్టంగా రాశారు. వారి స్నేహం చెడలేదు. గాంధీగారికి ఆయన చార్లీ, ఆయనకు గాంధీగారు మోహన్.

చివరి రోజులు

పెళ్లి చేసుకోలేదు, ఇల్లు కట్టుకోలేదు. ఖద్దరు ధోవతి, కుర్తా ఆయన వేషం. రాతల మీద వచ్చిన సొమ్ము చేతిలో నిలిచేది కాదు. 1940లో కలకత్తాలో శస్త్రచికిత్స తరువాత కోలుకోలేక, ఏప్రిల్ 5న కన్నుమూశారు. అక్కడి లోయర్ సర్క్యులర్ రోడ్ శ్మశానంలో సమాధి ఉంది. ఆయన స్మారకంగా గాంధీగారు స్వయంగా పూనుకుని శాంతినికేతన్ కోసం నిధి సేకరించారు. శతజయంతి సందర్భంగా 1971లో మన తపాలా శాఖ స్టాంపు విడుదల చేసింది.

మనం గుర్తుంచుకోవలసినది

ఆనాడు కూలీలను ఓడ ఎక్కించేముందు ప్రతి ఒక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాసు రాసేవారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చ. ఇప్పుడు ఫిజీ, దక్షిణాఫ్రికా, మారిషస్ దేశాల నుంచి నాలుగో తరం, ఐదో తరం మనుమలు ఆ కాగితం నకలు పట్టుకుని తమ పూర్వీకుల ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. డిపోలో కూర్చున్న ఏ గుమాస్తా ఆ ఊరిపేరు సరిగ్గా రాశాడో, వారికి ఊరు దొరుకుతున్నది. విన్నది విన్నట్టు రాయక ఏదో గిలికిపెట్టిన చోట దారి అక్కడితో ఆగిపోతున్నది. ముప్పై ఏళ్లకు పైగా రిజిస్టర్లు రాసిన నాకు ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది.

కూలి కోసం సముద్రం దాటడం మన ఊళ్లలో ఆగలేదు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళుతున్నవారు మన కళ్లముందే ఉన్నారు. ఏజెంటు ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ చేతికి వచ్చేది మరొకటి అని వాపోయేవారిని మనం ఎరుగుదుము. మీ వీధిలో ఎవరైనా కుర్రవాడు అలా బయలుదేరుతుంటే, వాడి కాంట్రాక్టు కాగితం ఒకసారి మీరు చదివి, అర్థమయ్యేట్టు చెప్పండి. దరఖాస్తులు, షరతులు చదివే అలవాటు మనకు సర్వీసు ఇచ్చిన ఆస్తి. అలాగే మీ ఇంట్లో రంగూను, మలయా, మారిషస్ వెళ్లిన పెద్దల ఉత్తరాలు, ఫొటోలు ఉంటే పారవేయకుండా పిల్లలకు చూపించి, పేర్లు వెనుక రాసి భద్రపరచండి.

ఫిబ్రవరి 12న, ఏప్రిల్ 5న ఒక్క నిమిషం ఆ మహనీయుని తలచుకుందాం.